సగం చూసిన సింహాలు

హమద్ బాబు నోరు తెరవాలంటే ముందు టీవీలో సింహం నోరు తెరవాలి.

బహ్రెయిన్‌లో అరాద్ అనే ఊళ్ళో ఆ ఇంట్లో నేను పనికి చేరేసరికే వాడికి ఆ అలవాటు పడిపోయింది. వాడికప్పుడు నాలుగేళ్ళు. ముళ్ళు తీసిన చేప, అన్నం కలిపి పళ్ళెంలో పెట్టుకుని ఎదురుగా కూర్చుంటే, పెదాలు రెండూ బిగబట్టి టీవీ వైపు వేలు చూపించేవాడు. నేను లేచి వీడియో కేసెట్టు లోపలికి తోసేదాన్ని. అది కాసేపు కిర్రుమని తిరిగేది. తర్వాత తెర మీద ఎండిన గడ్డి కనపడేది. గడ్డి కనపడితే ఒక ముద్ద. గడ్డిలో రెండు చెవులు కదిలితే ఇంకో ముద్ద.

కేసెట్టులో ఎవరో ఒకాయన అరబ్బీలో, జోల పాడుతున్నట్టు నెమ్మదిగా చెప్పుకుపోయేవాడు. నాకొచ్చిన అరబ్బీ వంటింటి గడప దాటదు. అందుకని మాట వదిలేసి బొమ్మనే నమ్ముకున్నాను. రోజూ చూసీ చూసీ ఆ సింహాలు నాకు మా ఊరి ఆడవాళ్ళంత తెలిసిపోయాయి. చెవి చిరిగినది ఏదో, మూతి మీద గాటున్నది ఏదో, అందరికన్నా ముందు పడుకునే బద్ధకస్తురాలు ఏదో, తెర మీదకి రాకముందే చెప్పగలను.

వేటకి వెళ్ళేవి ఆడవే. పొట్ట నేలకి ఆనించి, గడ్డి కదలకుండా, ఎంతసేపైనా అలాగే ఉండేవి. తీరా వేట పడ్డాక మగసింహం నీడలోంచి లేచొచ్చి అందర్నీ తోసేసి ముందు కూర్చునేది. తిన్నంతసేపూ గుర్రుగుర్రుమని ఒకదాన్నొకటి తిట్టుకునేవి. పొట్టలు గుమ్మడికాయల్లా అయ్యేవి. ఆ తర్వాత ఇంక ఏ గొడవా లేదు, ఒకటే నిద్ర. వెల్లకిలా పడి కాళ్ళు గాల్లో పెట్టుకుని ఒకటి, దాని పొట్ట మీద తల పెట్టుకుని ఇంకొకటి. ఎండ జరిగితే లేచి నీడ దాకా నడిచి మళ్ళీ ధబ్బుమని పడేవి. అంతసేపు తిట్టుకున్నవి, నిద్దట్లో ఒకదాని మొహం ఒకటి నాకేవి.

ఆ ఇల్లూ అలాగే ఉండేదండి. మధ్యాహ్నం రెండింటికి పెద్ద పళ్ళెం చుట్టూ అందరూ కింద కూర్చునేవారు. హమద్ తండ్రి జాసిం గారికి విమానాశ్రయంలో ఉద్యోగం. ఆయన భార్య మర్యమ్ మేడమ్ బళ్ళో టీచరు. ఇద్దరూ వచ్చి తినేసి, ఏసీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. జాసిం గారి తల్లి ఉమ్ జాసిం మాత్రం హాల్లో తివాచీ మీదే, దిండుకి ఆనుకుని ఒరిగిపోయేది. హమద్ ఆవిడ కాళ్ళ దగ్గర. బయట ఎండకి వీధి తెల్లగా మండిపోతూ ఉండేది. కుక్క కూడా తిరిగేది కాదు. ఏసీ చప్పుడు, ఆవిడ సన్నని గురక, అప్పుడప్పుడు ఇంటి మీదుగా లేచిపోయే విమానం. ఆ ఇంట్లో పగలు నిద్రపోనిది నేనొక్కదాన్నే. నాకు కన్ను మూస్తే భయం. కన్ను మూస్తే సాయి కనపడేది, కనపడి ఏడ్చేది.

సాయికుమారి నా కూతురు. దాన్ని మా తోడికోడలు నరసాయమ్మక్క చేతుల్లో పెట్టి వచ్చేటప్పటికి దానికింకా రెండేళ్ళు నిండలేదు. మాది అంతర్వేది దగ్గర ఊరు. మా ఆయన రాజా సముద్రం మీద వేటకి వెళ్ళే బోటులో పనిచేస్తాడు, పదేసి రోజులు ఒడ్డుకి రాడు. అక్కకి సొంత పిల్లలు ఇద్దరు, చిన్నాడు ఇంకా పాలు తాగుతున్నాడు. అయినా "వదిలెల్లు, నాకు ముగ్గురనుకుంటాను" అంది. నేను విమానం ఎక్కాను.

అప్పట్లో మాలాంటి వాళ్ళం ఉత్తరాల కన్నా కేసెట్లు పంపుకునేవాళ్ళం. తొంభై నాలుగు, తొంభై అయిదు మాట. మాట్లాడి టేపు చేసి, ఊరికి వెళ్ళే వాళ్ళ చేతిలో పెడితే ఇంటి దగ్గర టేపురికార్డరులో పెట్టుకుని అందరూ చుట్టూ కూర్చుని వినేవారు. నేను ఏడో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. రాయడం వచ్చు గానీ రాస్తే మాటలు బిగుసుకుపోతాయి. మాట్లాడితే నయం.

కానీ మూడేళ్ళ పిల్లకి ఏం మాట్లాడతాం? "అన్నం తిన్నావా, అల్లరి చెయ్యకు, దొడ్డమ్మ మాట విను" అనేసరికి నా సరుకు అయిపోయేది. అరవై నిమిషాల కేసెట్టు, ఇంకా తిరుగుతూనే ఉండేది. అక్క తిరుగు కేసెట్టులో చెప్పేది: "నీ కూతురు సగం దాకా ఇని ఆడుకోడానికి ఎల్లిపోతందే." ఆ మాట దగ్గర టేపు కట్టేశాను. ఇంకొన్నాళ్ళకి ఆ సగం కూడా వినదు, ఇంకో ఏడాదికి నా గొంతే గుర్తుపట్టదు.

ఒకరోజు హమద్ నోట్లో ముద్ద పెడుతుంటే అనిపించింది. బొమ్మ లేకపోతేనేం, మాట ఉంది కదా అని.

ఆ మధ్యాహ్నం మేడ మీద బట్టలారేసే గదిలో తలుపేసుకుని, చిన్న టేపురికార్డరు ఒళ్ళో పెట్టుకుని మొదలెట్టాను. "సాయీ, అనగనగా ఎండిపోయిన గడ్డి. గడ్డిలో రెండు చెవులు..." అన్నీ చెప్పాను. వేట చెప్పాను, తిండి చెప్పాను, కాళ్ళు పైకెత్తి పడుకోవడం చెప్పాను. సింహం ఒకసారి కడుపునిండా తింటే మళ్ళీ ఎన్నాళ్ళకి తింటుందని ఉమ్ జాసింని అంతకుముందే అడిగి ఉన్నాను. ఆవిడ భర్త ఒకప్పుడు పడవల మీద బొంబాయి దాకా తిరిగినవాడట, ఆవిడకి కాస్త హిందీ వచ్చు. ఆవిడ నాలుగు వేళ్ళు చూపించింది. ఒక్కోసారి నాలుగు రోజులు. నేను "ఒక్కోసారి" వదిలేసి నాలుగు రోజులు చెప్పాను.

చివర్న సింహం పిల్లల సంగతి. తల్లి పిల్లల్ని ముళ్ళపొదలో దాచి వేటకి పోతుంది. ఎవరొచ్చినా పిల్లలు కదలవు, కిక్కురుమనవు. తల్లి వచ్చి పొద ముందు నిలబడి గొంతులోనే "ఊఁ... ఊఁ..." అని పిలిస్తే మాత్రం దొర్లుకుంటూ బయటికొస్తాయి. నేనూ అలాగే పిలిచాను, టేపుకి నోరు దగ్గర పెట్టి. సరిగ్గా అప్పుడే ఇంటి మీదుగా విమానం లేచింది. ఆ హోరంతా టేపులో పడింది. చెరపలేదు.

కేసెట్టు అక్కడితో ఆపేశాను. ఎందుకంటే నేను చూసింది అంతవరకే. హమద్‌కి ఎప్పుడూ ఆ పొద దగ్గరే కడుపు నిండేది. "ఖలాస్" అనేవాడు. నేను టీవీ కట్టేసి కేసెట్టు వెనక్కి తిప్పేసేదాన్ని. తర్వాత ఏముందో చూడాలని ఒక్కనాడూ అనిపించలేదు.

ఆ ఇంటి డ్రైవరు అచ్చిబాబన్నయ్యది మా వైపే, మల్కిపురం. కేసెట్టు ఆయన చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం చెప్పావు దుర్గమ్మా ఇందులో?"

"సింహాల గురించి అన్నయ్యా."

"బహ్రెయిన్ వచ్చి సింహాలా? ఒంటెల గురించి చెప్పినా ఓ అందం. వినేవాళ్ళు నువ్వు ఆఫ్రికా వెళ్ళావనుకుంటారు."

నవ్వుకుంటూనే పంపించాడు.

తిరుగు కేసెట్టు రావడానికి నెలన్నర పట్టింది. సోమవారం మధ్యాహ్నం, ఇల్లంతా పడుకున్నాక బట్టల గదిలో పెట్టుకున్నాను. ముందు కోడి అరుపు. తర్వాత అక్క గొంతు.

"ఒసే దుర్గా, ఇను. పిల్లకి సెప్పడానికి నీకింకేవీ దొరకలేదా? కాకి కత లేదా, పిచ్చిక కత లేదా, సింహాల కతేనా? నీ కూతురు అన్నం తింటాలేదే. ముద్ద ఎత్తితే నాలుగు వేళ్ళు సూపిత్తంది. 'నిన్న తిన్నాను, ఇంక నాలుగు రోజులు పడుకుంటాను' అంటంది. పడుకోడం మంచం మీదనుకున్నావా? మంచం కింద! గోనెపట్టా అడ్డం ఏసుకుని. నేను పిలిత్తే రాదు. 'నీ పిలుపుకి రాకూడదు, అమ్మ పిలిత్తేనే రావాలి' అంటది. నీ కేసెట్టు ఎడితే, నువ్వు ఊఁ ఊఁ అన్నప్పుడు దొర్లుకుంటా బయటికొత్తాది. ఆ కాసేపట్లో నాలుగు మెతుకులు నోట్లో కుక్కుతున్నాను. నీ ఊఁ ఎనకాల హోరుమనే ఆ గర్జన ఇని పక్కింటోళ్ళు కూడా అడుగుతున్నారు, ఆ సింహాలు దుర్గ పనిసేసే ఇంటి కొట్టంలోనే ఉంటాయా అని."

నేను నవ్వాను. నిజం చెప్తున్నాను, అంతవరకూ నోరు మూసుకుని నవ్వాను.

"నీ మొగుడొకడు. వేట నించి వత్తాడా, కుండ కాళీ చేసి రెండ్రోజులు గురకెట్టి పడుకుంటాడా, దాంతో పిల్ల 'నాన్నా సింహవే' అని తీర్మానం సేసేసింది. ఇది చాలదని ఊళ్ళో ఆడోళ్ళు. అంతర్వేది నరసింహస్వామి పక్కనుండి మూడేళ్ళ పిల్ల గుర్రుమంటే ఏవనుకుంటారు సెప్పు? స్వామి పూనాడంటన్నారు. పాపాయమ్మ పిన్ని అరటిపళ్ళు తెచ్చి మంచం కాడ ఎట్టి, 'మా వోడికి సంబంధం ఎప్పుడు కుదురుతాది సామీ' అని అడిగింది. పిల్ల పండన్నా లాక్కుని తింటాదేవో అని నేను సూత్తన్నాను. ముట్టుకోలేదు. 'నాలుగు' అంది. నాలుగు నెలల్లో కుదురుతాదంట అని పిన్ని దణ్ణం ఎట్టుకుని ఎల్లిపోయింది. నేను తినిపిత్తానంటే ఉపాసం సెరపకని నన్నే కసురుతన్నారు. గుడికి తీసుకెల్తే పూజారి గారొక్కరే, 'పిల్లకి అన్నం పెట్టండమ్మా' అన్నారు."

తర్వాత అక్క గొంతు తగ్గింది.

"నవ్వులాట కాదే దుర్గా. సంకనెత్తుకుంటే బరువు తెలవట్లేదు. రాజోలు డాక్టరు గారి కాడికి తీసుకెల్లాను. ఇంకో మూడు వారాలు ఇలాగే ఉంటే సూదులతోనే ఎక్కించాలన్నారు. నేను కొట్టలేను, పరాయి పిల్లని కొట్టిందంటారు. ఏదోటి సెప్పు. దానికి నీ మాటే వేదం."

టేపు కట్టేసే ముందు, ఎక్కడో కింద నుంచి చిన్న గొంతు, "గుర్ర్..." అంది.

ఫోన్ చెయ్యకపోయావా అంటారేమో. మా ఊళ్ళో ఫోన్ లేదు. ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాలంటే పిల్లని ఎత్తుకుని బస్సెక్కాలి. అంతకుముందు ఒకసారి అలా చేస్తే, సాయి రిసీవరు చెవికి పెట్టుకుని ఊపిరి పీల్చడం తప్ప మాట్లాడలేదు. "అమ్మ టేపులో కదా ఉంటాది" అందట అక్కతో. దానికి అమ్మంటే ఆ పెట్టె.

కిందకి వచ్చేసరికి నా మొహం చూసి అచ్చిబాబన్నయ్య కారు తుడవడం ఆపాడు. అంతా చెప్పాను. ముందు ఆయనా నవ్వాడు.

"ఏమైతేనేం, స్వామి మీ ఇంట్లోనే వెలిశాడు. నా లీవు ఎప్పుడిస్తారో కూడా ఓసారి అడిగించు." నా కళ్ళు చూసి నాలిక్కరుచుకున్నాడు. "ఊరుకో చెల్లెమ్మా, ఊరుకో. మా బావమరిది మణికుమార్ లేడూ, సీఫ్‌లో కొత్త బిల్డింగుల్లో పని, గురువారం వెళ్తున్నాడు. బుధవారం సాయంత్రానికి కేసెట్టు ఇచ్చెయ్. ఆదివారం కల్లా మీ వాళ్ళ చేతిలో ఉంటుంది."

మూడు రోజులుంది. ఆ రోజే కూర్చుని, "సాయీ, సింహాలు రోజూ తింటాయి, మూడు పూటలా తింటాయి" అని టేపు చేశాను. వెనక్కి తిప్పి విన్నాను. నా గొంతే నాకు అబద్ధంలా వినపడింది. అది మూడేళ్ళదే గానీ తెలివిలేనిది కాదు. మొన్న నాలుగు రోజులన్నావు, ఇవాళ రోజూ అంటావా అంటుంది. నేను ఆ పిల్లకి కన్ను కాను, చెయ్యి కాను, ఒళ్ళు కాను. ఉన్నదల్లా మాట. ఆ మాట కూడా అబద్ధమైతే ఇంక దేనికి బయటికొస్తుంది పొదలోంచి? చెరిపేశాను. తర్వాత "తిను తల్లీ, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను" అని ఏడుస్తూ చేశాను. అదీ చెరిపేశాను. ఊళ్ళోవాళ్ళు పెట్టే దణ్ణాలు చాలవూ.

మంగళవారం హమద్‌కి అన్నం పెడుతున్నాను. తెర మీద తల్లి సింహం పొద ముందు నిలబడి పిలిచింది. నా చెయ్యి ముద్దతో సహా గాల్లోనే ఆగిపోయింది. "ఖలాస్" అన్నాడు వాడు. నేను లేవలేదు. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. వాడు వింతగా చూసి, వాళ్ళ నాయనమ్మ కాళ్ళ దగ్గరికి పాకి పడుకున్నాడు.

ఉమ్ జాసిం దిండు మీంచి తలెత్తింది. "క్యా హువా దుర్గా?"

నాకొచ్చిన హిందీలో, చేతులతో, మధ్యలో తెలుగులో కూడా చెప్పాను. నాలుగు వేళ్ళు చూపించాను, మంచం కింద దూరడం చూపించాను. ఆవిడకి అర్థమైంది. నవ్వలేదు. టీవీ వైపు గడ్డం ఎత్తింది.

"ఆఖరిదాకా చూశావా?"

"లేదు."

"పద్నాలుగు నెలలుగా సగమే చూస్తున్నావా?" అంది, నేను చీపురుతో సగం హాలు ఊడ్చి వదిలేశానన్నట్టు. "కట్టకు. కూర్చో."

కూర్చున్నాను. ఇల్లంతా నిద్ర. కర్టెన్ల సందులోంచి సన్నటి ఎండ గీత తివాచీ మీద పడి మెల్లిగా జరుగుతోంది. నేను ఎప్పుడూ చూడని గడ్డి వచ్చింది తెర మీద, ఈసారి కాస్త పచ్చగా.

తల్లి సింహం ఒక పిల్లని మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకెళ్ళింది. అది ఎండిన గుడ్డలా వేలాడింది. మళ్ళీ వచ్చి ఇంకోదాన్ని తీసుకెళ్ళింది. ఎక్కడికంటే, అవన్నీ పడుకునే చోటికి. చెవి చిరిగినదీ, మూతి మీద గాటున్నదీ, బద్ధకస్తురాలూ, అందరూ ఉన్నారు. కొన్నింటికి అప్పటికే పిల్లలున్నాయి. తల్లి తన పిల్లల్ని వాటి మధ్యలో దింపింది. ఆడసింహాలు ఒక్కొక్కటీ వచ్చి పిల్లల్ని వాసన చూశాయి. కరుస్తాయేమో అనుకున్నాను. కరవలేదు. నాకాయి.

ఆ తర్వాత తల్లి లేచి వేటకి పోయింది. వెనక్కి తిరిగి చూసిందా అంటే చూసింది, ఒక్కసారి. పిల్లలు ఆకలికి మియ్యిమియ్యిమన్నాయి. బద్ధకస్తురాలు అటు వైపు తిరిగి, పొట్ట ఎండకి పెట్టి పడుకుంది. దాని సొంత పిల్లలు పాలు తాగుతున్నాయి. కొత్త పిల్ల ఒకటి తడబడుతూ వచ్చి, వాటి సందులో తల దూర్చి, నోరు పెట్టేసింది. బద్ధకస్తురాలు కళ్ళు తెరిచింది. తనది కాదని తెలుసు. తెలిసీ మళ్ళీ మూసుకుంది.

"ఆయన ఏమంటున్నాడు?" అని అడిగాను. టీవీలో గొంతు గురించి.

"ఒక్కటిగా ఉండే ఆడసింహాలు ఒకదాని పిల్లలకి ఒకటి పాలిస్తాయంటున్నాడు. పిల్లలు ఎక్కువసార్లు తినాలి, పెద్దవాటిలాగా ఆగలేవు. తల్లి వేటకి వెళ్తే ఎవరి దగ్గర పాలుంటే వాళ్ళ దగ్గర తాగుతాయి." ఆవిడ దిండు సర్దుకుంది. "మా జాసిం పుట్టినప్పుడు నాకు జ్వరం. ముహర్రక్‌లో పక్కింటి మనిషి వాడికి పాలిచ్చింది. మా దగ్గర పాలిస్తే తల్లే. ఆవిడ కూతుళ్ళు వాడికి అక్కచెల్లెళ్ళు, పెళ్ళి కుదరదు. ఇప్పటికీ పండగ రోజు ముందుగా ఆవిడ ఇంటికే వెళ్తాడు, ఆ తర్వాతే నా చెయ్యి ముద్దుపెట్టుకుంటాడు."

"మీకు కష్టంగా ఉండదా?"

ఆవిడ దిండు మీద తల వాల్చింది. పడుకుందేమో అనుకున్నాను.

"వాడు బతికాడు కదా," అంది కళ్ళు మూసుకునే.

కేసెట్టు ఇంకా తిరుగుతోంది. సాయంత్రానికి తల్లి వచ్చింది, మూతి ఎర్రగా ఉంది. పిల్లలు కడుపులు నింపుకుని బద్ధకస్తురాలి కాళ్ళ మధ్య నిద్రపోతున్నాయి. అది వాటిని లేపలేదు. పక్కనే ఒరిగి, తల ఆ రెండో దాని వీపు మీద పెట్టుకుంది.

ఇప్పుడు నాకు ఏం చెప్పాలో తెలిసింది. తెలిసి, మంగళవారం చెప్పలేకపోయాను. బుధవారం పొద్దున్నా చెప్పలేకపోయాను. పిల్ల నా పిలుపుకి తప్ప రానంటోందని విన్నప్పుడు ఏడుపుతో పాటు లోపల ఎక్కడో ఒక మూల తియ్యగా కూడా ఉంది చూడండి, దాన్ని వదులుకోవాలి. ఆ పిలుపొక్కటే నాకు మిగిలింది. దాన్ని తీసుకెళ్ళి ఇంకొకరి నోట్లో పెట్టాలి. కానీ చంకలో బరువు తెలవట్లేదు అంది అక్క. ఆ మాట చెవిలోంచి పోలేదు.

బుధవారం మధ్యాహ్నం బట్టల గదిలో తడి దుప్పట్ల మధ్య కూర్చుని మొదలెట్టాను.

"సాయీ, సింహం పిల్ల తల్లీ, విను. అమ్మకి కథ సగమే తెలుసు అప్పుడు. మిగతా సగం ఇప్పుడు చూశాను. నాలుగు రోజులు పడుకునేవి పెద్ద సింహాలు. వాటి పొట్ట ఇంతుంటుంది. పిల్లసింహం పొట్ట నీ గుప్పెడంత. అందులో నాలుగు రోజుల అన్నం పట్టదు. పిల్లసింహాలు పొద్దున్న తింటాయి, మధ్యాహ్నం తింటాయి, సాయంత్రం తింటాయి, మధ్యలో కూడా తింటాయి. అది అమ్మ చెప్పలేదు, అమ్మదే తప్పు.

"ఇంకోటి. పొదలో ఉండేది చంటిప్పుడే. నడక వచ్చాక అమ్మసింహం పిల్లని నోట కరుచుకుని దొడ్డమ్మ సింహం దగ్గరికి తీసుకొచ్చింది. దొడ్డమ్మ వాసన చూసింది, నాకింది. అమ్మ వేటకెళ్ళింది. చాలా దూరం. అప్పుడు పిల్లకి ఆకలేసింది. దొడ్డమ్మ పిలిచింది. ఎలా పిలిచిందో తెలుసా? ఊఁ... ఊఁ... అని. అచ్చం అమ్మలాగే. సింహాలన్నింటికీ ఒకటే పిలుపు. పిల్ల వెళ్ళి తాగేసింది. దొడ్డమ్మ పిల్లలు జరిగి చోటిచ్చారు. అమ్మ దూరం నుంచి చూసింది. అమ్మకి కోపం రాలేదు." ఇక్కడ టేపు ఆపాను. తడి దుప్పటి అంచుతో మొహం తుడుచుకుని మళ్ళీ నొక్కాను. "అమ్మకి నిద్ర వచ్చింది, హాయిగా.

"అక్కా, నువ్వు దగ్గరున్నావు కదా. ఇప్పుడు నాతో పాటు పిలు. నోరు మూసుకుని, గొంతులో. ఊఁ... ఊఁ... నువ్వు పిలు. మళ్ళీ. ఇంక టేపు కట్టేసి నువ్వే పిలు."

అక్కడే ఆపేశాను. కేసెట్టులో ఇంకా సగం ఖాళీ ఉంది. కావాలనే వదిలేశాను.

గురువారం సాయంత్రం మేడ మీదకి వెళ్ళి నిలబడ్డాను. విమానం ఇంటి మీదుగా, పొట్ట కనపడేంత కిందగా లేచి, సముద్రం మీదకి తిరిగింది. మణికుమార్ సంచిలో, చొక్కాల మడతల్లో నా గొంతు వెళ్ళిపోతోంది. ఆ తర్వాత రోజులు ఎలా పోయాయో చెప్పలేను. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు. ఉమ్ జాసిం తన పళ్ళెంలోంచి చేప ముక్క తీసి నా వైపు తోసి, "నువ్వూ సింహానివేనా?" అనేది. డాక్టరు గారి మూడు వారాలు వెళ్ళిపోయాయి. నాలుగో వారం కూడా. కలలో ఒకటే కనపడేది. ఎండిన గడ్డి, చెవులు కదిలేవి కావు.

ఆ తర్వాతి శుక్రవారం అచ్చిబాబన్నయ్య మనామా వెళ్ళి వచ్చాడు. అక్కడ మా వైపు వాళ్ళు కలుసుకునే చోట ఎవరో ఇచ్చారట. కేసెట్టు నా చేతిలో పెట్టి, ఒక్క జోకు కూడా వెయ్యకుండా అక్కడే నిలబడ్డాడు.

"పెట్టు, చెల్లెమ్మా. నేనూ వింటాను."

హమద్ అన్నం వేళ. పళ్ళెం నా ముందు, వాడు వేలు టీవీ వైపు చూపిస్తున్నాడు. నాకు బట్టల గది దాకా వెళ్ళే ఓపిక లేదు. హాల్లోనే టేపురికార్డరు పెట్టి మీట నొక్కాను. ఉమ్ జాసిం దిండు మీంచి లేచి కూర్చుంది.

ముందు కోడి. ఎవరో పిల్లాడి ఏడుపు, అక్క చిన్నాడిది. తర్వాత అక్క గొంతు, కానీ మాట కాదు. "ఊఁ... ఊఁ..." అంటోంది, గొంతులో, నోరు మూసుకుని. బాగా వచ్చేసింది. నాకన్నా బాగా.

ఏదో నేల మీద పాకిన చప్పుడు. గిన్నె మోగింది. తర్వాత నేను నా బతుకులో విన్న చప్పుళ్ళన్నింట్లోకీ చిన్న చప్పుడు: పిల్ల నమలడం. నోరు తెరిచి, చప్పరిస్తూ, ముక్కుతో ఊపిరి పీల్చుకుంటూ నమలడం. ఎంతసేపో. నేను వినాలని అక్క టేపు ముందు పళ్ళెం పెట్టి ఉంటుంది.

"ఇంకో ముద్ద," అంది సాయి. "అమ్మా, ఇంకో ముద్ద. చేప."

టేపు తిరుగుతూనే ఉంది. నాకు తెలిసింది, ఆ అమ్మా నన్ను కాదని.

అక్కకీ తెలిసింది. "నేను దొడ్డమ్మనే," అంది తడబడుతూ. "అమ్మ ఇదిగో, టేపులో ఇంటాది. సెప్పు అమ్మకి."

"అమ్మ వేటకెల్లింది," అంది సాయి నోటినిండా అన్నంతో. "పెద్ద వేట. వచ్చాక పడుకుంటాది. నాలుగు రోజులు. లేపకూడదు."

అచ్చిబాబన్నయ్య మొహం అటు తిప్పుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఉమ్ జాసిం అర్థం కాకపోయినా తలూపుతోంది, ఆ నమలడం ఏ భాషలోనైనా ఒకటే కదా. హమద్ వేలు టీవీ మీంచి ఎప్పుడో దిగిపోయింది. టేపురికార్డరు దగ్గరికి జరిగి, దానికేసి చూస్తూ నోరు తెరిచాడు. నేను ముద్ద పెట్టాను. లోపల సాయి నమిలింది. ఇక్కడ వాడు నమిలాడు. ముద్దకి ముద్ద. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా వాడు సింహాల్ని అడగనే లేదు.

కేసెట్టు ఒక పక్క అయిపోయి టక్కుమని ఆగింది. చెయ్యి కడుక్కోవాలి, గిన్నెలు తొయ్యాలి. తివాచీ మీద ఎండ గీత జరుగుతోంది. వాడు నాయనమ్మ కాళ్ళ దగ్గర ముడుచుకున్నాడు. ఆవిడ నాకేసి చూసి, తన పక్కనున్న దిండు ఒకటి తీసి నేల మీద వేసింది.

చెయ్యికి ఇంకా చేప వాసన వస్తోంది. అలాగే ఒరిగాను. ఏసీ చప్పుడు దూరమైంది. ఇంటి మీదుగా ఏదో విమానం లేచింది, నేను కళ్ళు తెరవలేదు. ఆ ఇంట్లో పగలు నేను నిద్రపోవడం అదే మొదలు. గడ్డి కనపడింది. ఎండిన గడ్డి, మధ్యలో పచ్చగా. ఎవరూ ఏడవలేదు.